ఇంకో లింకు కొనే ముందు హ్యాష్ చూడండి

మా వైపు ఇంటర్నెట్ వ్యాపారంలో అన్ని రోగాలకీ ఒకటే మందు. సాయంత్రం ఏడు దాటాక వీడియోల మీద గుండ్రం తిరగడం మొదలవుతుంది, ఆఫీసు ఫోన్లు మోగడం మొదలవుతుంది, వెంటనే "ఇంకో పది జీ లింకు వేసేద్దాం" అంటారు. జీ అంటే సెకనుకి ఒక గిగాబిట్. విజయనగరంలో ఇదే మాట, శ్రీకాకుళంలో ఇదే మాట. బొబ్బిలిలోనో రాజాంలోనో ఒక్క జీతో నడుపుకునే చిన్న ఆపరేటరు కూడా తన స్థాయికి తగ్గట్టు ఇదే అంటాడు. లింకులు అమ్మేవాళ్లు ఈ మందుకి ఎందుకు అడ్డం చెబుతారు?

నేను విజయనగరంలో ఒక ప్రొవైడర్ దగ్గర నెట్‌వర్క్ చూస్తాను. చాలా సందర్భాల్లో కొరత లింకులకి ఉండదు, ఉన్న లింకుల మధ్య పంపకం కుదరదు. ఆ పంపకం చేసేది రౌటర్‌లో ఒక చిన్న సెట్టింగ్, లోడ్ బ్యాలెన్సింగ్ హ్యాష్. పెట్టె కొన్న రోజు ఏముందో పదేళ్ల తర్వాతా అదే ఉంటుంది. మన ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని ఇంజనీరెవరో ఎంచిన డిఫాల్ట్ అది. దాన్ని తెరిచి చూసేవాళ్లే తక్కువ. చూసినవాళ్లలో ఎక్కువమంది అన్నిచోట్లా ఒకటే పెట్టేసి చేతులు దులుపుకుంటారు. నా తగాదా ఈ రెండు గుంపులతోనూ.

రెండు పది జీ లింకులు కలిపి కట్టినంత మాత్రాన ఇరవై జీ పైపు దొరకదు. ప్రతి ప్యాకెట్టూ రెండింటిలో ఏదో ఒకదాని మీదే వెళ్లాలి. ఏది అన్నది రౌటర్ ఆ క్షణంలోనే తేల్చుకోవాలి. అందుకని ప్యాకెట్ హెడర్‌లోంచి, అంటే దాని ముందుండే చిరునామా భాగంలోంచి, కొన్ని ఫీల్డులు తీసుకుంటుంది. మామూలుగా ఐదు: పంపేవాడి ఐపీ అడ్రసు, అందుకునేవాడి ఐపీ అడ్రసు, ప్రొటోకాల్ (టీసీపీ, యూడీపీ లాంటి రకం), రెండు వైపులా పోర్టు నంబర్లు (ఒకే పరికరంలోని కనెక్షన్లని విడదీసే అంకెలు). వాటిని ఒక లెక్కలో వేసి ఒక సంఖ్య రాబడుతుంది, ఆ లెక్కే హ్యాష్. దాన్ని లింకుల సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషమే లింకు నంబరు. ఫీల్డులు మారకపోతే శేషమూ మారదు.

పల్లెల్లో పంపిణీకి రెండు వరుసలు కట్టిస్తారు చూడండి, ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి. ఊళ్లో సగానికి పైగా ఇళ్లకి ఒకటే ఇంటిపేరైతే ఒక వరుస రచ్చబండ దాటి చెరువు గట్టు దాకా పోతుంది, రెండో వరుసలో నలుగురు నిలబడి బీడీలు కాల్చుకుంటారు. అక్కడ పంచే మనిషి తప్పేమీ లేదు. పంచడానికి దేన్ని గుర్తుగా పెట్టుకున్నారన్న దగ్గరే తేడా వచ్చింది. హ్యాష్ చిక్కులన్నీ దాదాపు ఈ జాతివే.

అంత గొడవెందుకు, ఒక ప్యాకెట్ ఇటు, ఒకటి అటు వరసగా పంపేస్తే లెక్క సమానంగా వస్తుంది కదా అని ప్రతి కొత్త కుర్రాడూ అడుగుతాడు. అడగాల్సిందే. మాకు విశాఖకి రెండు దారుల్లో ఫైబర్ ఉంది, ఒకటి కొత్తవలస మీదుగా, ఇంకోటి తగరపువలస మీదుగా. ఫైబర్‌లో వెలుగుకి కిలోమీటరుకి సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది. ఒక దారి పది కిలోమీటర్లు ఎక్కువైతే 50 మైక్రోసెకన్ల తేడా. పది జీ లింకు మీదకి 1500 బైట్ల ప్యాకెట్ ఎక్కడానికి పట్టేది 1.2 మైక్రోసెకన్లే. అంటే ఆ తేడాలో నలభై ప్యాకెట్లు దూరిపోవచ్చు. పైగా ఒక లింకు నిండి క్యూ పెరిగితే తేడా మిల్లీసెకన్లలోకి పోతుంది. సర్వర్ గుంపుగా వదిలిన ప్యాకెట్లు ఇలా ముందువెనకలై చేరితే, మధ్యలో ఏదో పోయిందని టీసీపీ (ప్యాకెట్లన్నీ చేరాయో లేదో చూసుకునే పద్ధతి) అనుకుంటుంది. మామూలు లెక్కలో మూడు డూప్లికేట్ ఏక్‌లు (ఇచ్చిన రసీదే మళ్లీ మళ్లీ రావడం) వస్తే చాలు, పంపేవైపు వేగం సగానికి పడిపోతుంది.

ఇప్పటి టీసీపీలు కొంత ఓపిక నేర్చుకున్నాయి, ఒప్పుకుంటాను. 2021లో ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతుల పత్రం) 8985గా వచ్చిన ర్యాక్ పద్ధతి చిన్నాచితకా ముందువెనకల్ని తట్టుకుంటుంది. కానీ కస్టమర్ టీవీ బాక్సులో ఏ టీసీపీ ఉందో, అవతలి సర్వర్‌లో ఏది నడుస్తోందో మన చేతిలో లేదు. అందుకే ఒక కనెక్షన్‌కి చెందిన ప్యాకెట్లన్నీ ఒకే లింకు మీద పోవాలి. లింకుల్ని కలిపి కట్టే ప్రమాణం 2000లో 802.3ఏడీగా వచ్చి, 2008లో 802.1ఏఎక్స్‌గా మారింది. పంపకం విషయంలో అది పట్టుబట్టేది కూడా ఇదే: ఒక సంభాషణలో వరస తప్పకూడదు, ఫ్రేములు రెట్టింపు కాకూడదు. ఏ లెక్క ప్రకారం పంచాలన్నది తయారీదారుకే వదిలేసింది. లింకుకి ఒక కొసన ఒక లెక్క, రెండో కొసన ఇంకో లెక్క నడిచినా ప్రమాణం ప్రకారం తప్పు లేదు. (జునిపర్ కాన్ఫిగ్‌లో లోడ్ బ్యాలెన్స్ పర్ ప్యాకెట్ అని కనిపిస్తే కంగారు పడకండి. పేరు పాత రోజులది, ఇప్పుడు చేసే పని ఫ్లో వారీదే, ఫ్లో అంటే ఒక కనెక్షన్ ప్యాకెట్ల వరస.)

మా దగ్గర జరిగింది చెబుతాను. మా పీపీపీఓఈ సర్వర్ (కస్టమర్ల లాగిన్లు చూసి వాళ్ల ట్రాఫిక్ నడిపే పెట్టె) లినక్స్ మీద నడుస్తుంది. దాని నుంచి అగ్రిగేషన్ స్విచ్‌కి (ఊళ్ల లైన్లన్నీ కలిసే స్విచ్) రెండు పది జీ పోర్టులు (ఇవి నంబర్లు కావు, కేబుల్ గుచ్చే చోట్లు) కలిపి ఒక బండిల్. స్విచ్ నుంచి చీపురుపల్లి, గజపతినగరం, నెల్లిమర్ల వైపు ఓఎల్‌టీలు (ఫైబర్‌ని ఇళ్లకి పంచే పెట్టెలు), అక్కడి నుంచి ఇళ్లకి ఫైబర్. సాయంత్రమయ్యేసరికి గజపతినగరం నుంచి ఒకటే కంప్లైంట్లు. గ్రాఫ్ తీస్తే బండిల్ మొత్తం మీద పదకొండున్నర జీ. ఓనరు గారు నా వెనకే నిలబడి చూసి, "ఏటయ్యా, ఇరవైలో పదకొండున్నరే వాడతన్నాం గదా, మరి ఈ గోలేటి?" అన్నారు.

బండిల్ విప్పి పోర్టు వారీగా చూస్తే సంగతి బయటపడింది. ఒకటి తొమ్మిదిన్నర దగ్గర బల్లపరుపుగా నిలిచిపోయింది. రెండోది రెండు దాటట్లేదు. మొత్తం గ్రాఫ్ ఒక్కటే చూసేవాళ్లకి ఇది ఎప్పటికీ కనపడదు. అలర్టు కూడా మొత్తం మీదే పెట్టి ఉంటే, సగం ఊరు తిట్టుకుంటున్నా స్క్రీన్ పచ్చగానే ఉంటుంది.

లినక్స్ బాండింగ్‌లో (పోర్టులు కలిపి కట్టే సదుపాయం) మనం ఏమీ చెప్పకపోతే వచ్చే హ్యాష్ పేరు లేయర్ 2. అది చేసేది చాలా చిన్న పని. పంపేవాడి మ్యాక్ అడ్రసులో (ప్రతి పరికరానికీ ఉండే హార్డ్‌వేర్ నంబరు) చివరి బైటు, అందుకునేవాడి మ్యాక్‌లో చివరి బైటు, ప్యాకెట్ రకం నంబరు, ఈ మూడింటినీ ఎక్సార్ చేసి (బిట్టుకి బిట్టు పోల్చి కలిపి) లింకుల సంఖ్యతో భాగించి శేషం చూస్తుంది. సర్వర్ నుంచి ఇళ్ల వైపు పోయే ప్రతి ఫ్రేములోనూ పంపే మ్యాక్ ఒకటే, మా సర్వర్‌ది. ప్యాకెట్ రకం ఒకటే, పీపీపీఓఈ సెషన్. మారేదల్లా కస్టమర్ మ్యాక్. లింకులు రెండే కాబట్టి, ఆ మ్యాక్ చివరి బైటు సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నదాంతో ఆ ఇంటి డౌన్‌లోడ్ మొత్తం ఏ లింకు మీద పోవాలో ఖాయమైపోతుంది.

వేల ఇళ్లుంటే సరీ బేసీ సగం సగం రావాలి కదా? లాగిన్ పట్టిక తీసి, మ్యాక్‌లలో చివరి అంకె మాత్రమే చూస్తూ కిందికి దిగాను. 1, 5, 9, డి. మళ్లీ 5, 1, డి, 9. అక్కడక్కడా ఒక 4, ఒక ఎఫ్. (మ్యాక్‌లో అంకెలు 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా పోతాయి, డి అంటే 13.) ఆ అక్కడక్కడావి పాత కస్టమర్లు బజార్లో కొనుక్కున్న సొంత రౌటర్లు. మిగతావన్నీ మేమే ఒకే లాట్‌లో తెప్పించి ఇళ్లలో బిగించిన ఓఎన్‌యూలు, అంటే ఫైబర్ వచ్చి చేరే పెట్టెలు. వాటి తయారీదారు ఒక్కో పెట్టెకి వరసగా నాలుగు మ్యాక్‌లు కేటాయిస్తాడు, లోపలి పోర్టులకొకటి, బయటి ఇంటర్నెట్‌కొకటి, రెండు వైఫైలకి రెండు. బయటిది ఎప్పుడూ నాలుగింటిలో రెండోదే. కాబట్టి ఎప్పుడూ బేసే. గజపతినగరం వైపు కొత్త కనెక్షన్లు ఎక్కువ, అందుకే ముందు అరిచింది వాళ్లు.

ఇందులో నాకు అన్నిటికంటే సరదాగా, కొంచెం భయంగా అనిపించిన లెక్క ఇది. ఓనరు గారు అన్నట్టు మూడో లింకు వేసి ఉంటే కంప్లైంట్లు నిజంగానే ఆగిపోయేవి! నాలుగేసి చొప్పున దూకే అంకెల్ని మూడుతో భాగిస్తే శేషాలు 0, 1, 2 మీద దాదాపు సమానంగా పడతాయి. "చూశావా, లింకే చాల్లేదు" అని తీర్మానం చేసుకుని హాయిగా పడుకునేవాళ్లం. ట్రాఫిక్ పెరిగి ఎప్పుడో నాలుగోది కూడా వేసేవాళ్లం. నాలుగుతో భాగిస్తే ఆ ఓఎన్‌యూలన్నిటికీ వచ్చే శేషం ఒక్కటే. ఒక లింకు నిండి, మూడు ఖాళీగా ఉండేవి. లింకు పెంచిన రాత్రే నెట్ పడుకుంటే ఎవరైనా దేన్ని అనుమానిస్తారు? కొత్త ఫైబర్‌ని. ఎస్ఎఫ్‌పీ (ఫైబర్ గుచ్చే మాడ్యూల్) మార్చి, ప్యాచ్ కార్డు మార్చి, కనెక్టర్లు తుడిచి తెల్లవార్లూ జాగారం చేసేవాళ్లం.

సరే, విరుగుడు. నెట్‌లో వెతికితే దొరికే సలహా లేయర్ 3+4 (ఐపీలు, పోర్టు నంబర్లు చూసే హ్యాష్) పెట్టమని. ఇక్కడ అది పనిచేయదు. ఫ్రేములో పైకి కనపడేది పీపీపీఓఈ, ఐపీ దాని లోపల ఉంటుంది. పైన ఐపీ కనపడని ఫ్రేము వస్తే ఆ పాలసీ గుట్టుచప్పుడు కాకుండా లేయర్ 2 లెక్కకే దిగిపోతుంది, ఎర్రర్ కూడా చూపించదు. మార్చాం అనుకుంటాం, ఏమీ మారదు. కావాల్సింది ఎన్‌క్యాప్ 3+4. అది పీపీపీఓఈ తొడుగు విప్పి లోపలి ఐపీలు, పోర్టుల దాకా చూస్తుంది. అది పెట్టాక గ్రాఫ్‌లో రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రూపాయి ఖర్చు లేదు. ఓనరు గారికి అదే అన్నిటికంటే నచ్చింది.

ఇక రెండో గుంపు సంగతి. శ్రీకాకుళంలో ఇదే పని చేసే మిత్రుడొకడు ఐదు ఫీల్డుల హ్యాష్ మహిమ విని, తన నెట్‌వర్క్‌లో కనపడ్డ ప్రతి పెట్టెలోనూ అదే పెట్టేశాడు. గ్రాఫులన్నీ అందంగా సమానమైపోయాయి. కొద్దిరోజులకి వేరే రకం ఫోన్లు మొదలయ్యాయి. బ్యాంకు సైట్లో లాగిన్ అయితే మధ్యలో బయటికి తోసేస్తోంది. గేమ్ ఆడే పిల్లలకి వాయిస్ కలవట్లేదు. స్పీడ్ టెస్ట్ మాత్రం బ్రహ్మాండం.

అతని దగ్గర నాట్ పెట్టెలు (చాలా ఇళ్లని కొద్ది పబ్లిక్ అడ్రసుల వెనక పెట్టేవి) రెండున్నాయి, ఒక్కోదానికి వేరువేరు పబ్లిక్ అడ్రసులు. వాటి ముందున్న రౌటర్ ఐదు ఫీల్డుల మీద పంచుతుంటే, ఒకే ఇంట్లోని ఒకే ఫోను తెరిచిన కనెక్షన్లు కొన్ని ఈ పెట్టెలోకి, కొన్ని ఆ పెట్టెలోకి పోతాయి. బ్యాంకు సర్వర్‌కి లాగిన్ ఒక అడ్రసు నుంచి, తర్వాతి పేజీ ఇంకో అడ్రసు నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది. ఎవరో సెషన్ కొట్టేశారనుకుని తెంచేస్తుంది. పెద్ద నాట్‌ల మీద 2013లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6888 ఈ విషయం గట్టిగానే చెప్పింది, లోపలి అడ్రసు ఒకటైతే దానికి బయటి అడ్రసూ ఒకటే ఉండాలి, డిఫాల్ట్‌గా అలాగే నడవాలి అని. ఒక్కో నాట్ పెట్టె ఆ నియమం పాటిస్తూనే ఉంది. దాని ముందున్న రౌటరే ఇంటిని రెండుగా చీలుస్తోంది.

అక్కడ పెట్టాల్సింది సోర్స్ ఐపీ, అంటే పంపేవాడిది, ఒక్కటే. వేల ఇళ్లుంటే లోపలి అడ్రసులూ వేలే, పంపకానికి అంత తేడా చాలు. ఒక ఇల్లు ఎప్పుడూ ఒక పెట్టెకే పోతుంది. తిరుగు ట్రాఫిక్‌కి చిక్కు లేదు, ఏ పబ్లిక్ అడ్రసు ఏ పెట్టెదో రూటింగే చెబుతుంది.

అదే నాట్ దాటి బయటికొచ్చాక లెక్క తిరగబడుతుంది. వేల ఇళ్లు ఇప్పుడు గుప్పెడు పబ్లిక్ అడ్రసుల వెనక దాక్కున్నాయి. ఒక స్లాష్ 24 అంటే 256 అడ్రసులే. అటు వీడియోలు వచ్చేవి కూడా గుప్పెడు క్యాష్ సర్వర్ల (నకళ్లు దాచి ఇచ్చేవి) నుంచే. రెండు వైపులా ఐపీలు తక్కువ, ట్రాఫిక్ మాత్రం కొండంత. ఇక్కడ ఐపీలు మాత్రమే చూసే హ్యాష్ పెడితే వరుస చెరువు గట్టు దాకా పోయినట్టే. పోర్టులు తప్పనిసరి. ఒకే రాక్‌లో, అటూ ఇటూ రెండు మీటర్ల దూరంలో, మూడు చోట్ల మూడు వేర్వేరు సెట్టింగులు సరైనవి అన్నమాట. ఎక్కువ ఫీల్డులిస్తే ఎక్కువ మంచిదని నమ్మేవాళ్లు ఆ రాక్ ముందు ఒకసారి నిలబడాలి. ఆ చోట ఏది మారుతోంది, ఏది విడిపోకూడదు, చూడాల్సినవి ఈ రెండే. పెద్ద యూడీపీ ప్యాకెట్లు ముక్కలైతే మొదటి ముక్కలోనే పోర్టు నంబర్లుంటాయి, మిగతా ముక్కలు వేరే లింకు పట్టవచ్చు. అలాంటి ట్రాఫిక్ ఎక్కువుండే చోట అది కూడా లెక్కలోకి రావాలి.

ఇంతవరకూ ఒక పెట్టె గురించే మాట్లాడాం. పెట్టెలు వరసగా ఉంటే ఇంకో తిరకాసు మొదలవుతుంది. మొదటి రౌటర్ హ్యాష్ వేసి సరి వచ్చినవన్నీ ఎడమ రౌటర్‌కి, బేసివన్నీ కుడి రౌటర్‌కి పంపింది. ఎడమ రౌటర్‌కి కూడా ముందుకి రెండు లింకులున్నాయి. అదే కంపెనీ పెట్టె, అవే ఫీల్డులు, అదే లెక్క. దానికి చేరినవన్నీ ముందే సరి అని తేలినవి, మళ్లీ లెక్కేస్తే మళ్లీ సరే వస్తుంది. రెండో లింకు మీద ఒక్క ప్యాకెట్ కూడా పోదు. దీన్ని పోలరైజేషన్ అంటారు. సిస్కో పెట్టెల్లో పాత అల్గారిథం వరస రౌటర్లన్నిట్లోనూ ఒకేలా లెక్కేసేది. తర్వాత యూనివర్సల్ అనే అల్గారిథంలో ప్రతి రౌటర్‌కీ సొంత ఐడీ ఒకటి లెక్కలో కలిసింది. మిగతావాళ్లు దీన్నే సీడ్ అంటారు.

అయితే సీడ్ మార్చగానే పని అయిపోయిందనుకోకండి. చాలా చిప్పుల్లో హ్యాష్‌గా వాడేది సీఆర్‌సీ, మామూలుగా డేటాలో తప్పులు పట్టడానికి వాడే లెక్క. దానికి గణితంలో ఒక గుణం ఉంది. ఇన్‌పుట్ పొడవు ఒకటే అయినప్పుడు, మొదలుపెట్టే విలువ మారిస్తే ఫలితాలన్నీ ఒకే స్థిర సంఖ్యతో ఎక్సార్ అవుతాయి, అంతే. లింకులు రెండో నాలుగో ఉండి, ఫలితంలో చివరి బిట్లని చూసి లింకు ఎంచే పెట్టెల్లో దీని ఫలితం వింతగా ఉంటుంది. ఇంతకుముందు అన్నీ మొదటి లింకు మీద పోయేవి, ఇప్పుడు అన్నీ రెండో లింకు మీద పోతాయి! సీడ్ మార్చాం కాబట్టి హ్యాష్ బాగానే ఉందని, తప్పింకెక్కడో ఉందని వెతుకుతూ కూర్చుంటాం. అలాంటి పెట్టెల్లో సీడ్‌తో పాటు పాలినామియల్ (సీఆర్‌సీ లెక్కకి ఆధారమైన బహుపది) అయినా మార్చాలి, ఫలితంలో వేరే బిట్లయినా వాడమని చెప్పాలి. చాలా వాటిల్లో ఆ వెసులుబాటు ఉంటుంది, మాన్యువల్లో చివరి పేజీల దాకా వెళ్తే కనిపిస్తుంది.

ఇంకో చిన్న లెక్క. సిస్కో పాత కేటలిస్ట్ స్విచ్‌ల్లో హ్యాష్ ఫలితం ఎనిమిది గడుల్లోనే పడుతుంది, ఆ గడుల్ని లింకులకి పంచుతారు. లింకులు మూడైతే 3, 3, 2. అంటే ట్రాఫిక్ ఎంత సమంగా ఉన్నా రెండు లింకులు 37.5 శాతం చొప్పున, ఒకటి 25 శాతం మోస్తాయి. సెకండ్ హ్యాండ్ స్విచ్‌ల మీద నడిచే ఊళ్లు మా వైపు బోలెడు. అక్కడ మూడో లింకు వేసినా పూర్తి ఫలం దక్కదు.

లింకులు తెగడం మాకు కొత్త కాదు. రోడ్డు వెడల్పు పనుల్లో జేసీబీ కొడుతుంది. తుఫాను వస్తే చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు స్తంభాలు కూలిపోయాయి, మా వైపు ఊళ్లలో ఫైబర్ వేలాడేది ఎక్కువగా ఆ స్తంభాల మీదే. ఒక లింకు పోతే హ్యాష్ ఏం చేస్తుందన్నది ముందే తెలిసుండాలి. శేషం పద్ధతిలో నాలుగు లింకులు మూడయ్యాయంటే, పోయిన లింకు మీదున్నవే కాదు, మిగతా ఫ్లోలు కూడా చాలావరకు చోటు మారతాయి. 2000లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2992 దీన్ని లెక్కగట్టింది. శేషం పద్ధతిలో చెదిరేవి ఎన్ లింకులకి (ఎన్ - 1)/ఎన్ వంతు, అంటే నాలుగు లింకులకి ముప్పావు వంతు. హ్యాష్ విలువల్ని వరస భాగాలుగా కోసి పంచే పద్ధతిలో పావు నుంచి సగం దాకా. మామూలు రౌటర్ల మధ్య చెదిరినా పెద్ద నష్టం లేదు, ఓ క్షణం తడబడి సర్దుకుంటాయి. నాట్ పెట్టెల ముందు చెదిరితే మాత్రం, ఆ రెండో పెట్టెకి ఆ కనెక్షన్ సంగతే తెలియదు, తెగిపోతుంది. రెజిలియెంట్ హ్యాషింగ్ (ఒక లింకు పోయినా మిగతా ఫ్లోల్ని కదపని పద్ధతి) అనే ఆప్షన్ ఉన్న పెట్టె దొరికితే దాన్ని పెట్టాల్సిన చోటు అదే. మిగతా చోట్ల దానికోసం లైసెన్సు డబ్బులు కట్టమంటే నేను కట్టను.

హ్యాష్ అర్థమైతే దక్కే లాభం పంపకంతో ఆగదు, కంప్లైంట్ వినే చెవి మారుతుంది. నెల్లిమర్ల నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి, "మొదటిసారి నొక్కితే రాదు బాబూ, రెండోసారి నొక్కితే ఠక్కున వచ్చేస్తంది. ఏటంటారు?" అన్నారు. కాల్ సెంటర్‌లో ఇలాంటివి బ్రౌజర్ సమస్య కింద రాసి మూసేస్తారు. నాకు మాత్రం అది పొద్దున్న విన్న అన్ని కంప్లైంట్లలోకీ స్పష్టమైనది. రెండోసారి నొక్కితే ఫోను కొత్త సోర్స్ పోర్టు తీసుకుంటుంది, హ్యాష్ మారుతుంది, వేరే లింకు మీద పోతుంది. అంటే బండిల్‌లో ఒక లింకు పైకి బాగున్నట్టు కనిపిస్తూ లోపల ప్యాకెట్లు తినేస్తోంది. పోర్టు వారీగా ఎర్రర్ కౌంటర్లు చూస్తే ఒకదాంట్లో సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయిన ఫ్రేములు) కళ్లముందే పెరుగుతున్నాయి. ఆ పోర్టుని బండిల్‌లోంచి తీసేశాక ఆయనకే ఫోన్ చేసి చూడమన్నాను.

ఇలాంటి చోట పింగ్ (అవతలి పెట్టె పలుకుతోందా అని చూసే పరీక్ష) నమ్మకండి. పింగ్‌కి పోర్టులుండవు, ఒకే గమ్యానికి ఎప్పుడూ ఒకే లింకు మీద పోతూ అంతా బాగుందని చెబుతుంది. పాత ట్రేస్‌రూట్ (దారిలోని రౌటర్లని వరసగా చూపేది) ప్రతి ప్రోబ్‌కీ గమ్యం పోర్టు మారుస్తుంది, కాబట్టి ఒక్కో గెంతూ ఒక్కో దారిలో కనిపించి, లేని లూపులు చూపిస్తుంది. ఫ్లో గుర్తుల్ని మార్చకుండా పట్టుకునే ప్యారిస్ ట్రేస్‌రూట్ 2006లోనే వచ్చింది. ఇన్నేళ్లయినా సపోర్టు వాళ్లు అడిగేది పాతదాని స్క్రీన్‌షాటే. రౌటర్ కమాండుల్లో, ఈ ఐదు ఫీల్డులున్న ప్యాకెట్ వస్తే ఏ లింకు మీద పంపుతావని నేరుగా అడిగే సదుపాయం చాలా పెద్ద పెట్టెల్లో ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన కమాండ్ అదే.

కాలేజీలకీ బ్యాంకు బ్రాంచీలకీ ఎంపీఎల్ఎస్ (ప్యాకెట్ ముందు లేబుళ్లు అంటించి దారి నడిపే పద్ధతి) మీద లేయర్ 2 లింకులిచ్చేవాళ్లకి ఒక్క మాట. దారిలోని రౌటర్లు లేబుళ్ల కింద మొదటి నాలుగు బిట్లు చూసి 4 అయితే ఐపీవీ4, 6 అయితే ఐపీవీ6 అని ఊహించి హ్యాష్ వేస్తాయి. కస్టమర్ మ్యాక్ 4తోనో 6తోనో మొదలైతే ఆ ఊహ తప్పి, ఒకే సంభాషణ లింకుల మధ్య చెల్లాచెదరవుతుంది. లేబుళ్లకీ ఫ్రేముకీ మధ్య కంట్రోల్ వర్డ్ (సున్నాతో మొదలయ్యే చిన్న ముక్క) పెడితే ఈ బాధ తప్పుతుంది. 2018లో ఆర్ఎఫ్‌సీ 8469 కూడా అదే పెట్టమంది.

హ్యాష్‌తో అన్నీ తీరతాయని నేనూ అనను. ఒకే కనెక్షన్ పది జీ లింకులో నాలుగు జీ తినేస్తే దాన్ని ఏ హ్యాషూ చీల్చలేదు. రాత్రిళ్లు బ్యాకప్ పంపే ఆసుపత్రి లింకు, రెండు డేటా సెంటర్ల మధ్య టన్నెల్ ఇలాంటివే. టన్నెల్ లోపల వెయ్యి మంది ఉన్నా బయటికి రెండు ఐపీలే కనిపిస్తాయి. వీఎక్స్‌లాన్ అనే టన్నెల్ పద్ధతి తెలివైన పని చేసింది, లోపలి ఫ్లోని బట్టి బయటి యూడీపీ సోర్స్ పోర్టు మారుస్తుంది. డేటాని గుప్తంగా పంపే ఐపీసెక్ టన్నెల్‌లో ఆ సుఖం లేదు. అలాంటి ఏనుగులు ఎక్కువైతే పది జీలు పది కలపడం కంటే ఒక వంద జీ పోర్టు తీసుకోవడమే నయం. ఓనరు గారు ఖర్చంటే వెనకాడే మనిషి, అయినా ఆ చోట మాత్రం నేను కొనమనే చెబుతాను.

నా చేతిలో లేనిది ఒకటి మిగిలింది. లింకు మీద పంపకం పంపేవైపే జరుగుతుంది. మా ఇళ్లకి దిగే ట్రాఫిక్ ఏ లింకు మీద రావాలో తేల్చేది విశాఖలో ఉన్న అప్‌స్ట్రీమ్ వాళ్ల (మాకు లింకు అమ్మే పెద్ద ప్రొవైడర్) రౌటర్. నేను ఇక్కడ ఎంత చక్కగా సెట్ చేసినా అది అప్‌లోడ్‌కే. డౌన్‌లోడ్ రెండు లింకుల మధ్య ఎనిమిదికి మూడుగా వస్తోందని ఒక అప్‌స్ట్రీమ్‌కి రాస్తే, మొత్తం వాడకం పరిమితిలోనే ఉందని జవాబు వచ్చింది, టికెట్ మూసేశారు. మళ్లీ తెరిపించి, పోర్టు వారీ గ్రాఫులు జత చేసి, మీ వైపు బండిల్ మీద హ్యాష్‌లో పోర్టు నంబర్లు ఉన్నాయో లేదో చూడండని అడగాల్సి వచ్చింది. లేవు. మార్చారు. ఎప్పటి నుంచి అలా ఉందో వాళ్లకీ గుర్తులేదు.

ఇప్పుడు కొత్త లింకుకి కొటేషన్ అడిగేటప్పుడు రేటుతో పాటు మూడు ప్రశ్నలు పంపుతున్నాం. మీ వైపు హ్యాష్ ఏ ఫీల్డుల మీద ఉంది, పక్క రౌటర్‌తో పోలిస్తే సీడ్ వేరుగా ఉందా, మెంబర్ లింకుల గ్రాఫులు విడివిడిగా చూపిస్తారా. మూడోదానికి ఒప్పుకోనివాళ్ల దగ్గర రేటు తక్కువైనా తీసుకోవద్దని నేనంటాను. తక్కువకి ఇస్తుంటే కాదనడమేటని ఓనరు గారంటారు. ఈ నెల కొటేషన్ల మీద ఆ వాదన ఇంకా నడుస్తోంది.